బూర్గుల వారి కాగితాలు

నల్లగొండలోగాని పాలమూరులోగాని భూమి పంచాయితీ తహసీల్ ఆఫీసు గడప ఎక్కిందంటే, కాసేపటికి ఎవరో ఒకరు ఖాస్రా పహాణీ ఊసెత్తుతారు. ఏ భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో రాసిన 1954-55 నాటి రికార్డు అది. ఆ తర్వాత ఎన్ని పహాణీలు రాశారో, పాసుపుస్తకాలు ఎన్నిసార్లు రంగు మార్చుకున్నాయో, కంప్యూటర్‌లోకి ఎక్కిన రికార్డులో ఎవరి భూమి ఎవరి పేరు మీద పడిందో, అదంతా అయ్యాక కూడా మాట తిరిగి తిరిగి ఆ ఏటికే వస్తుంది. "ఖాస్రాల ఎవలున్నరు?" అన్నదానికి జవాబు దొరికితే సగం తగాదా తెగినట్టేనని పాతకాలపు పట్వారీలు అనేవారు. ఇప్పుడు పట్వారీలూ లేరు. మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీ అనే మూడు కొలువులనూ ఎన్టీ రామారావు ప్రభుత్వం 1980ల మధ్యలో ఊడ్చేసింది. గిర్దావర్ పేరు మారిపోయింది. ఖాస్రా మాత్రం చెదలు తిన్నంత తినగా మిగిలే ఉంది.

ఆ కాగితం రాయించిన రాష్ట్రం ఎక్కువ రోజులు బతకలేదు. రాత పూర్తయిన ఏడాదికో ఏడాదిన్నరకో అది పటం మీద నుంచి పోయింది. 82 వేల చదరపు మైళ్ళ హైదరాబాద్ రాష్ట్రం, కోటీ 86 లక్షల జనం. దానికి ఎన్నికల్లో గెలిచి వచ్చిన ముఖ్యమంత్రి ఒక్కరే. మొదటివారూ చివరివారూ ఆయనే, మా పాలమూరు మనిషి బూర్గుల రామకృష్ణారావు.

ఆయన పేరు ఈ మధ్య కొన్నేళ్ళు రోజూ పత్రికల్లో కనపడింది. 2019లో పాత సచివాలయం ఖాళీ చేసిన దగ్గరి నుంచి 2023 ఏప్రిల్ ఆఖరున కొత్తది తెరిచేదాకా తెలంగాణ ప్రభుత్వం నడిచింది ట్యాంక్‌బండ్ దగ్గరి బూర్గుల రామకృష్ణారావు భవన్ నుంచే. కాని అందరి నోటా అది 'బీఆర్‌కే భవన్'. ఫైళ్ళు పట్టుకుని ఆ మెట్లెక్కిన వాళ్ళలో ఆ మూడు అక్షరాల వెనక ఎవరున్నారో ఆలోచించినవాళ్ళు తక్కువేననుకుంటాను. మా వైపు కూడా ఆయనను గుర్తుపెట్టుకున్నది ఎక్కువగా ఒక సంతకం కోసమే, అదీ నిష్ఠూరంగానే. ఆ నిష్ఠూరంలో న్యాయం లేదనను. కాని ఆ మనిషి జీవితమంతా కాగితాల మధ్యే గడిచింది. రాసిన మాట నిలుస్తుందన్న నమ్మకం ఆయన తరం వకీళ్ళకు నరనరానా ఉండేది. ఆ కాగితాల్లో ఏది నిలిచింది, ఏది చెల్లకుండా పోయింది అని చూసుకుంటూ పోతే, మాసిపోయిన ఒక లోకమంతా బయటికొస్తుంది.

ఆయన 1899 మార్చి 13న కల్వకుర్తి తాలూకా పడకల్‌లో పుట్టారు. అసలు ఇంటిపేరు పుల్లంరాజు. షాద్‌నగర్ దగ్గరి స్వగ్రామం బూర్గుల పేరే చివరికి ఇంటిపేరైంది. ఎర్రనేల, రాతిగుట్టలు, చెరువు నిండితే వరి, నిండకపోతే జొన్న, ఆముదం ఉండే నాడు అది. కరువు ఎక్కువైనా పాండిత్యానికి మాత్రం లోటు లేని నాడు. గద్వాల, వనపర్తి, కొల్లాపురం, ఆత్మకూరు, గోపాలుపేట సంస్థానాల్లో ఏటా పండిత సభలు జరిగేవి, కవులకు వార్షికాలు ముట్టేవి. పక్కనే నిజాం సర్కారు కచేరీల్లో ఉర్దూ, దాని వెనక ఫారసీ. ఒకే ఇంట్లో పొద్దున అమరకోశం, సాయంత్రం గులిస్తాన్ వల్లె వేసే పిల్లలుండేవారంటే ఈ రోజున నమ్మబుద్ధి కాదు. బూర్గుల ఆ రకం చదువులోంచి వచ్చిన మనిషి. పుణె ఫెర్గూసన్ కళాశాలలో బి.ఏ., బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్రం. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, ఫారసీ, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు ఆయనకు పట్టు ఉన్న భాషలు. 1924 ప్రాంతాల హైదరాబాదులో వకాల్తు మొదలుపెట్టారు. తర్వాతి కాలంలో ఆయన దగ్గర జూనియర్‌గా పనిచేసిన కుర్రవాళ్ళలో కరీంనగర్ జిల్లా వంగర నుంచి వచ్చిన పి.వి. నరసింహారావు ఒకరు. జూనియర్‌కూ భాషల పిచ్చి ఉండేదని లోకానికి తెలిసిందే.

తెలుగు మాట్లాడితే చిన్నతనమైన రోజులవి. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని థియేటర్‌లో కర్వే పండితుడి అధ్యక్షతన సంఘ సంస్కార మహాసభ జరిగింది. మరాఠీలో మాట్లాడినవాళ్ళను విన్నారు, ఉర్దూలో మాట్లాడినవాళ్ళను విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మొదలుపెడితే ఈలలు, గోల. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కొందరు కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు, కొండా వెంకటరంగారెడ్డి, మందుముల నరసింగరావు, ఆదిరాజు వీరభద్రరావు, వీళ్ళ సరసన బూర్గుల. వీళ్ళలో చాలామంది వకీళ్ళు. అందుకే వీళ్ళ పోరాటమంతా అర్జీలు, తీర్మానాలు, మహజర్ల రూపంలో నడిచింది.

ఆ అర్జీల కాలాన్ని ఈసడించే అలవాటు ఒకటి తర్వాత వచ్చింది. కాని సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు ఇజాజత్ కావాలని చెప్పే 'గస్తీ నిషాన్ 53' అమల్లో ఉన్నప్పుడు, ఊరి నడుమ పందిరి వేసి తెలుగువాళ్ళందరినీ పిలవడమే పెద్ద సాహసం. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షుడిగా మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జరిగింది. మరుసటి ఏడు రెండోది దేవరకొండలో, దానికి అధ్యక్షులు బూర్గుల. నల్లగొండ జిల్లాలో కొండల నడుమ ఉన్న తాలూకా కేంద్రం అది, రైలు మొహం చూడని ఊరు. బళ్ళ మీద వచ్చారు, నడిచి వచ్చారు. పక్కనే మహిళా సభ కూడా జరిగింది. సభలో అడిగినవి ఇప్పుడు చదివితే ఎంతో చిన్న కోరికలు: బళ్ళు కావాలి, అమ్మభాషలో చదువు కావాలి, వెట్టి పోవాలి, గ్రంథాలయాల మీద నిఘా ఎత్తేయాలి. ఆ చిన్న కోరికలే పదమూడేళ్ళ తర్వాత అదే జిల్లాలోని భువనగిరికి వచ్చేసరికి వేరే రూపెత్తాయి. 1944 భువనగిరి మహాసభలో బొల్లేపల్లి రావి నారాయణరెడ్డి అధ్యక్షులయ్యారు. మితవాదులు విడిపోయారు, జనం 'సంఘం' అని పిలిచే ఆ మహాసభ కమ్యూనిస్టులదైంది. ఊళ్ళో మనిషికి అర్జీ చేతికిచ్చిన తరం వెనకబడి, గుత్పకర్ర చేతికిచ్చిన తరం ముందుకొచ్చింది. బూర్గుల వెనకబడ్డ వాళ్ళలో ఉన్నారు. నల్లగొండ మళ్ళీ ఆయన చేతికి రాలేదు.

ఆ గుత్పకర్రలే లేకపోతే బూర్గుల కాగితానికి బలం వచ్చేదా అన్నది నా అనుమానం. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది, జనరల్ చౌధురి మిలిటరీ గవర్నరయ్యాడు, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. కమ్యూనిస్టుల నాయకత్వంలో రైతుల సాయుధ పోరాటం ఇంకా సాగుతూనే ఉంది. సివిల్ సర్వీసు నుంచి వచ్చిన వెల్లోడి ముఖ్యమంత్రిగా ఉన్న ప్రభుత్వంలోకి 1950 జూన్‌లో నలుగురు కాంగ్రెస్ వాళ్ళను తీసుకున్నారు. బూర్గులకు రెవెన్యూ దక్కింది. హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది ఆ నెలలోనే. దాన్ని అమలుకు తేవడం, తర్వాత ముఖ్యమంత్రిగా 1954లో సవరించి పదును పెట్టడం ఆయన హయాంలో జరిగిన పనులు.

ఆ చట్టంలో నాకు ఎప్పుడూ ముచ్చటగొలిపేది ఒక లెక్క ఉంది. 1342 ఫసలీకీ 1352 ఫసలీకీ మధ్య వరసగా ఆరేళ్ళు ఒక భూమిని కౌలుకు దున్నినవాడు రక్షిత కౌలుదారు. అంటే 1933 నుంచి 1943 దాకా. మొగలుల నాటి ఫసలీ లెక్కలో కొలిచి, కొత్త రిపబ్లిక్ ఇచ్చిన హక్కు అది. 1951లో రక్షిత కౌలుదార్ల రిజిస్టర్లు తయారయ్యాయి. ఊళ్ళల్లో ఇప్పటికీ 'పీటీ భూమి' అంటారే, అది అప్పటి మాట. తరాల తరబడి 'బాంచెన్ దొరా' అన్నవాడి పేరు సర్కారు పుస్తకంలో సర్వే నంబరు పక్కన పడటమంటే ఏమిటో, సూర్యాపేట, జనగామ, దేవరకొండ తాలూకాల చరిత్ర తెలిసినవాళ్ళకు వివరించనక్కరలేదు.

పేరు పడటం వేరు, భూమి మిగలడం వేరు. దేశ్‌ముఖులు, మక్తేదార్లు చూస్తూ ఊరుకోలేదు. రిజిస్టరు సిరా ఆరకముందే బేదఖళ్ళు, అంటే కౌలుదార్లను భూమి నుంచి గెంటేయడం, మొదలయ్యాయి. కొందరు కౌలుదార్లు 'తమంతట తామే' హక్కు వదులుకున్నట్టు వేలిముద్రలు పడ్డాయి. ఆర్థికశాస్త్రజ్ఞుడు ఎ.ఎం. ఖుస్రో ఆ దశాబ్దంలోనే ఈ సంస్కరణల మీద చేసిన పరిశీలనలో ఈ గోల్‌మాల్ అంతా బయటపడింది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే నల్లగొండ జిల్లా పోచంపల్లికి నడిచి వచ్చినప్పుడు హరిజనులు ఆయనను అడిగింది 80 ఎకరాలు. వెదిరె రామచంద్రారెడ్డి అనే భూస్వామి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు, భూదానోద్యమం పుట్టింది. రెవెన్యూ మంత్రి ఇలాకాలో ఒక సన్యాసివంటి మనిషి దానం అడిగి భూమి తేవాల్సి వచ్చిందంటే, చట్టం నడక ఎంత మెల్లగా ఉందో తెలుస్తూనే ఉంది. ఆ ఏడు అక్టోబరులో కమ్యూనిస్టులు సాయుధ పోరాటం విరమించారు.

తర్వాత ఎన్నికలు. హైదరాబాద్ శాసనసభకు 175 స్థానాలు. కాంగ్రెస్‌కు 93 వచ్చాయి, బొటాబొటి మెజారిటీ. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో వాళ్ళు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడి 42 గెలిచారు. నల్లగొండ జిల్లా దాదాపుగా వాళ్ళ వెంటే నడిచింది. నల్లగొండ లోక్‌సభ స్థానం నుంచి రావి నారాయణరెడ్డికి పడ్డ ఓట్లు దేశంలో మరెవరికీ, నెహ్రూకు కూడా పడలేదు. బూర్గుల షాద్‌నగర్ నుంచి శాసనసభకు వచ్చి 1952 మార్చి 6న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ప్రమాణం చేయించింది రాజప్రముఖ్, అంటే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఏ సర్కారు తనను జైల్లో పెట్టిందో ఆ సర్కారు పాదుషా ముందే నిలబడి రాజ్యాంగం మీద ప్రమాణం చేయడం! బూర్గుల అదబ్ తెలిసినవారు, షేర్వానీ కట్టు తెలిసినవారు. ఆ ఘట్టాన్ని ఎంత మర్యాదగా దాటించి ఉంటారో ఊహించుకోగలను.

పబ్లిక్ గార్డెన్స్‌లోని పాత టౌన్‌హాల్‌లో కూర్చున్న ఆ శాసనసభ లాంటిది మళ్ళీ రాలేదు, రాదు కూడా. స్పీకర్ కాశీనాథరావు వైద్య. ఔరంగాబాదు, నాందేడు, పర్భణీ, బీడు, ఉస్మానాబాదుల వాళ్ళు మరాఠీలో, రాయచూరు, గుల్బర్గా, బీదరు వాళ్ళు కన్నడంలో, మనవాళ్ళు తెలుగులో, అందరూ కలిసి ఉర్దూలో, అదీ కాకపోతే ఇంగ్లీషులో. నివేదికల్లో ఆ లిపులన్నీ ఒక పేజీ వెనక ఒకటి వస్తాయి. ముఖ్యమంత్రి మాత్రం ఎవరు ఏ భాషలో అడిగినా దుబాసీ లేకుండా అర్థం చేసుకోగలవారు. ఇది ఆయన ఘనత అని నేను పెద్దగా సాగదీయను. ఆ రాష్ట్రం అలాంటి వాళ్ళను పుట్టించింది, అంతే. ఆ రాష్ట్రం పోయాక అలాంటి వాళ్ళూ పోయారు.

ఇంకా ఏమేం పోయాయి? హాలీ సిక్కా పోయింది. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు 'కంపెనీ' రూపాయలు. మా వైపు ముసలివాళ్ళు చాలా కాలం అప్పుల లెక్క హాలీలోనే చెప్పేవారు, ఎందుకంటే అప్పు కూడా ఆ కాలానిదే. 1950ల చివరికి ఆ నాణెం చెల్లకుండా పోయింది. సరిహద్దు దాటే బండినల్లా ఆపి మూటలు విప్పించిన కరోడ్‌గిరి నాకాలు పోయాయి. నిజాం స్టేట్ రైల్వే 1950లోనే కేంద్రం చేతికి పోయింది. ఆజూరు, దై, బహమన్ అంటూ ఫసలీ నెలల్లో తారీఖు వేసే దస్తావేజులు పోయాయి. కచేరీ వరండాల్లో చాప పరుచుకుని ఉర్దూలో అర్జీలు రాసిపెట్టే దస్తావేజు రాతగాళ్ళు పోయారు. వెట్టి కూడా పోయింది. పోయినవాటన్నిటికీ ఒకే తీరున నిట్టూర్చడం నా వల్ల కాదు.

గద్దె మీద ఆరు నెలలు తిరక్కముందే ముల్కీ గొడవ వచ్చింది. 1948 పోలీసు చర్య తర్వాత బయటి నుంచి అధికారులు, టీచర్లు దిగబడ్డారు. 1919 నాటి నిజాం ఫర్మానా ప్రకారం కొలువు ముల్కీలదే. పదిహేనేళ్ళు ఇక్కడ కాపురముంటే ముల్కీ. తహసీల్ ఆఫీసులో ముల్కీ సర్టిఫికెట్లు అంగట్లో సరుకయ్యాయని గోల. హనుమకొండలో మొదలైన విద్యార్థుల ఆందోళన 'నాన్ ముల్కీ గో బ్యాక్' అంటూ హైదరాబాదుకు పాకింది. 1952 సెప్టెంబరు 3, 4 తేదీల్లో సిటీ కాలేజీ, పత్తర్‌గట్టీ పరిసరాల్లో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ముఖ్యమంత్రి జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డితో విచారణ వేయించారు, మంత్రివర్గ ఉపసంఘాన్ని కూర్చోబెట్టారు. మళ్ళీ కాగితాలే. ఆ నెత్తురు ఆరకపోవడానికి కారణం ఉద్యోగాల లెక్క ఒక్కటే కాదు, తమ సర్కారు తమను కాల్చిందన్న దుఃఖం. 1969 తెలంగాణ ఉద్యమంలో వీధుల్లోకి వచ్చిన పిల్లలు ఆ పాత కాల్పుల కథ వింటూ పెరిగినవాళ్ళు.

నీళ్ళ సంగతి చెప్పకుండా పాలమూరు జ్ఞాపకం పూర్తి కాదు. కృష్ణ, తుంగభద్ర రెండూ జిల్లా అంచున పారతాయి, పొలానికి మాత్రం ఎక్కవు. హైదరాబాద్ రాష్ట్రం ఉన్నప్పుడు ఆ నదుల మీద దానికి పైనుంచి కిందిదాకా పట్టు ఉండేది. రాయచూరు మనదే, గుల్బర్గా మనదే. ఎగువ కృష్ణ, భీమ ప్రాజెక్టుల ఆలోచనలు, తుంగభద్ర ఎడమ కాలువను పాలమూరులోకి సాగదీయాలన్న తలంపు ఆ రాష్ట్రపు ఇంజనీర్ల బల్లల మీద ఉన్నాయి. గద్వాల, ఆలంపూరు తాలూకాల్లో 87,500 ఎకరాలకు నీళ్ళివ్వాలని రాజోలిబండ మళ్ళింపు పథకం కట్టుబడిలో ఉంది. రాష్ట్రం ముక్కలయ్యేసరికి రాజోలిబండ తల రాయచూరు వైపు, తోక పాలమూరు వైపు పడ్డాయి. తూము పక్క రాష్ట్రంలో ఉన్న కాలువ ఎలా పారుతుందో ఆలంపూరు రైతుకు బాగా తెలుసు. మిగతా పథకాలు బల్లల మీదే ఆగాయి. 1970లలో కృష్ణా జలాల పంపకం చేసిన బచావత్ ట్రిబ్యునల్ ఈ సంగతి గుర్తించింది. రాష్ట్రం విడిపోకుండా ఉంటే పాలమూరుకు, అంటే మహబూబ్‌నగర్ జిల్లాకు సాగునీరు అందే అవకాశం మెరుగ్గా ఉండేదని రాసి, జూరాలకు 17.84 టీఎంసీలు కేటాయించింది. ఆ అన్యాయానికి గుర్తింపు కోసం జిల్లా ఇరవై ఏళ్ళు ఆగింది, ఆ నీళ్ళ కోసం ఇంకో ఇరవై. ఈ లోపల పాలమూరు లేబర్ దేశంలో ఊరూరా ఆనకట్టలు కట్టి వచ్చింది.

నల్లగొండ వైపు కథ వేరు. 1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఆంధ్ర, హైదరాబాద్ అనే రెండు రాష్ట్రాలు కలిసి తలపెట్టిన పని అది. సాగర్ నిండాక ఎడమ కాలువ మిర్యాలగూడను పచ్చగా మార్చింది. బూర్గుల అధ్యక్షత వహించిన దేవరకొండ మెరక మీద ఉంది, నీళ్ళు దాని కాళ్ళ దగ్గరి నుంచే దిగువకు పోయాయి. పైనున్న ఊళ్ళకు దక్కింది ఫ్లోరైడ్ బోరు.

శంకుస్థాపన నాటికి హైదరాబాద్ రాష్ట్రానికి ఏడాది కూడా ఆయువు లేదు. 1953 డిసెంబరులో రాష్ట్రాల పునర్విభజనకు ఫజల్ అలీ కమిషన్ వేసినప్పుడే దాని జాతకం రాసేశారనుకోవచ్చు. అంటే బూర్గుల నాలుగేళ్ళ ఎనిమిది నెలల ముఖ్యమంత్రిత్వంలో సగానికి పైగా, ఉండదని తెలిసిన ఇంటికి సున్నం వేయడమే. వేశారు కూడా. కౌలు చట్టం సవరించారు, ఖాస్రా రాయించారు. పోయే రాష్ట్రం కదా అని ఎవరూ కలం దించలేదు. ఈ పట్టుదల నాకు ఆయనలో అన్నిటికంటే నచ్చుతుంది.

1955 సెప్టెంబరు ఆఖరున కమిషన్ నివేదిక ఇచ్చింది. తెలంగాణ ప్రస్తుతానికి హైదరాబాద్ పేరుతోనే విడిగా ఉండాలి, 1961 ప్రాంతపు ఎన్నికల తర్వాత శాసనసభలో మూడింట రెండు వంతులు ఒప్పుకుంటే ఆంధ్రతో కలవచ్చు. ఇంటి లోపలే రెండు పాయలయ్యాయి. కొండా వెంకటరంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి ప్రత్యేక రాష్ట్రమన్నారు. కమ్యూనిస్టులు విశాలాంధ్ర అన్నారు. నవంబరు, డిసెంబరుల్లో శాసనసభలో చర్చ జరిగితే మాట్లాడిన 147 మందిలో 103 మంది విశాలాంధ్రవైపు, 29 మంది తెలంగాణవైపు, 15 మంది ఎటూ కాకుండా నిలిచారు. బూర్గుల మొదట ఊగిసలాడారు. కమ్యూనిస్టుల విశాలాంధ్ర వెనక వాళ్ళ రాజకీయ లెక్కలున్నాయని ఢిల్లీకి రాశారు కూడా. చివరికి ఢిల్లీ ఎటు మొగ్గిందో అటే మొగ్గారు. గట్టిగా వద్దని ఉంటే ఏమయ్యేదో చెప్పడం కష్టం. రాజప్రముఖ్‌నే తీసేయబోతున్న కేంద్రం ముఖ్యమంత్రి అలక కోసం ఆగేదనుకోను. కాని వద్దని ఒక్క మాట చరిత్రలో ఉండి ఉంటే, ఆయన పేరు ఈ రోజున వేరేగా పలికేవాళ్ళం.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలోని హైదరాబాద్ హౌస్‌లో కూర్చున్నారు. నిజాం కట్టించుకున్న భవనంలోనే నిజాం రాష్ట్రానికి చివరి లెక్క. ఆంధ్ర వైపు బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ వైపు బూర్గుల, కొండా వెంకటరంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నరసింగరావు. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణకే, పన్నెండేళ్ళ నివాసం ఉంటేనే ఇక్కడి కొలువు, భూముల అమ్మకం మీద ప్రాంతీయ మండలి అదుపు, అయిదేళ్ళు ఉర్దూ కొనసాగింపు, మంత్రివర్గంలో 60కి 40, ముఖ్యమంత్రి అటువాడైతే ఉపముఖ్యమంత్రి ఇటువాడు. పెద్దమనుషుల ఒప్పందమన్నారు. పుణెలో, బొంబాయిలో చదివి పాతికేళ్ళు కోర్టుల్లో దస్తావేజుల మీద వాదించిన వకీలు, అమలు చేయించే కోర్టు లేని దస్తావేజు మీద ఎలా సంతకం పెట్టారన్నది నన్ను ఎప్పుడూ తొలిచే ప్రశ్న. నాకు తోచే జవాబు ఒకటే. ఎదుటివాళ్ళు కూడా తనలాంటి వాళ్ళేననుకున్నారు.

నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ పుట్టింది, సంజీవరెడ్డి ముఖ్యమంత్రయ్యారు. ఉపముఖ్యమంత్రి పదవి ఎవరికీ ఇవ్వలేదు. చేతికి ఆరో వేలు ఎందుకన్నారని ఆయన పేరు మీద ఒక మాట తెలంగాణలో ఇంటింటా తిరిగింది. ఒప్పందంలోని మొదటి ఉల్లంఘన మొదటి రోజే జరిగింది. అప్పటికి బూర్గులకు పదవి లేదు, రాష్ట్రమూ లేదు. అదే నెల 22న కొత్తగా పుట్టిన కేరళకు గవర్నర్‌గా పంపారు.

అక్కడ జరిగింది మరీ విచిత్రం. 1957 ఎన్నికల్లో కేరళ కమ్యూనిస్టులకు ఓటేసింది. నల్లగొండలో తన పార్టీ ఎవరి చేతుల్లో ఓడిందో ఆ పార్టీ మంత్రివర్గం చేత ఏప్రిల్ 5న ప్రమాణం చేయించే పని బూర్గుల మీద పడింది. ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ ప్రభుత్వం చేపట్టిన పెద్ద పనుల్లో ఒకటి కౌలుదార్లకు హక్కులిచ్చే భూసంబంధాల బిల్లు. దాని సారం బూర్గులకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేదు, అలాంటిదే తన చేతులతో నడిపినవారు. ఇంకోటి విద్యా బిల్లు. అది రాష్ట్రపతి దాకా, అక్కడి నుంచి సుప్రీంకోర్టు సలహాకు పోయింది. చర్చిలు, నాయర్ సంఘం, కాంగ్రెస్ కలిసి వీధికెక్కాయి, కాల్పులు జరిగాయి. 1959 జులైలో గవర్నర్ నివేదిక ఢిల్లీ చేరింది, 31న ప్రభుత్వం రద్దయింది. పెద్దమనుషుల కాగితానికి లేని బలం ఈ కాగితానికి ఉంది, వెనక ఢిల్లీ ఉంది కాబట్టి. మెజారిటీ ఉన్న మంత్రివర్గాన్ని అలా దించడం తప్పేనని నా అభిప్రాయం. 1952లో 93 మందితో బొటాబొటిగా నెట్టుకొచ్చి, వీధిలో గొడవ జరిగినా గద్దె దిగని మనిషికి ఆ నివేదిక రాయడం ఎలా ఉండిందో మరి.

1960లో ఉత్తరప్రదేశ్‌కు మారారు, 1962 దాకా లక్నోలో ఉన్నారు. ఫారసీ చదువుకున్న మనిషికి అంతకంటే తగిన ఊరు లేదు. తర్వాత రాజ్యసభ. ఈ పదవులన్నిటి సందుల్లో ఆయన చేసుకున్న అసలు పని వేరే. శంకరుల సౌందర్యలహరి, కనకధారాస్తవం తెలుగు చేశారు. జగన్నాథ పండితరాయల లహరులను 'పండితరాజ పంచామృతం'గా తెచ్చారు. గోదావరి సీమలో పుట్టి షాజహాన్ కొలువులో సంస్కృత కవిత్వం చెప్పిన పండితరాయలు బూర్గులకు దగ్గరివాడుగా తోచడంలో వింత లేదు. ఫారసీ సాహిత్యం మీద తెలుగులో 'పారశీక వాఙ్మయ చరిత్ర' రాశారు. ఆ పుస్తకం రాయడానికి కావలసిన రెండు చదువులూ ఒకే మనిషిలో ఉండటం ఆయన తరంతోనే ముగిసింది. పాత గ్రంథాలయాల్లో వెతికితే ఇప్పటికీ దొరుకుతుంది. 1967 సెప్టెంబరులో పోయారు. ఆయన పుట్టిన సీమ అప్పటికి మహబూబ్‌నగర్ జిల్లా. 2016లో జిల్లాలు మళ్ళీ చీల్చినప్పుడు షాద్‌నగర్‌తోపాటు బూర్గుల ఊరు రంగారెడ్డి జిల్లాలోకి పోయింది. ఆ రంగారెడ్డి మరెవరో కాదు, మంత్రివర్గంలో పక్కన కూర్చుని, తెలంగాణ విడిగా ఉండాలని ఆయనతో వాదించిన కొండా వెంకటరంగారెడ్డి.

1954 సవరణలో 38-ఇ అని ఒక సెక్షన్ చేర్చారు. రక్షిత కౌలుదారు అడగకపోయినా, ఒక తేదీ ప్రకటించి, ఆ తేదీ నుంచి అతణ్ణే హక్కుదారును చేసే సెక్షన్ అది. ఖమ్మంలో ముందు అమలైంది, ఇంకో చోట కొంత. మిగతా తెలంగాణకు తేదీ ప్రకటించకుండానే రాష్ట్రం పోయింది. కొత్త రాష్ట్రంలో పదహారేళ్ళు ఆ తేదీ ఎవరికీ గుర్తు రాలేదు. చివరికి నల్లగొండ, మహబూబ్‌నగర్ సహా మిగిలిన తెలంగాణలో 38-ఇ అమలుకు ఖాయం చేసిన రోజు 1973 జనవరి 1. అప్పటి ముఖ్యమంత్రి ఒకనాటి జూనియర్ పి.వి. నరసింహారావు. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని మూడు నెలల కిందటే సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, ఆయన దాన్ని ఆహ్వానించారు, కోస్తాలో ప్రత్యేకాంధ్ర కోరుతూ జై ఆంధ్ర మంటలు లేచాయి. ఆ జనవరిలోనే పి.వి. రాజీనామా చేశారు, రాష్ట్రపతి పాలన వచ్చింది. ఏడాది తిరిగేలోగా ముల్కీ నిబంధనలను పార్లమెంటు రద్దు చేసింది. కౌలుదార్లకు సర్టిఫికెట్లు పంచే పని జలగం వెంగళరావు ప్రభుత్వం చేతికి పోయింది. ఇబ్రహీంపట్నం నుంచి అచ్చంపేట దాకా, దేవరకొండ నుంచి హుజూర్‌నగర్ దాకా కొందరికి కాగితం వచ్చింది, కొందరికి భూమి వచ్చింది, రెండూ చేతికొచ్చిన వాళ్ళు తక్కువ.